మలుపు అవతల టీ కొట్టు

ఇక్కడ నేను కులాసా. కొండెక్కితే ఆయాసమనీ, కారు లేకపోతే రాననీ రాశావు. అందుకే నీకు తగ్గ దారి వెతికి, ముందు మా బొజ్జ మేస్త్రీని నడిపించి చూశాను. పైదాకా బస్సు, అక్కణ్ణుంచి అవతలి వైపుకి అంతా దిగుడే. "ఆ మలుపు తిరిగితే టీ కొట్టు" అని ప్రతి మలుపులోనూ నమ్మించాను. కింద నిజంగానే టీ కొట్టుంది, ఎదురుగా ఊళ్లోకి బస్సూ ఉంది. "దొంగ వెధవా, వచ్చే ఆదివారం ఎటు?" అన్నాడు మేస్త్రీ, చెమట తుడుచుకుంటూ.

మీ అన్నయ్య కారు తెస్తానంటే వద్దను. కారుంటే పైన వదిలి దిగాక, దానికోసం మళ్లీ కొండెక్కాలి. మధ్యాహ్నమైతే వాన, గొడుగు తెచ్చుకో. గ్యాసు కట్టేసి మరీ బయల్దేరు. పిల్లలకు దీవెనలు. దారిలో టీ కొట్టు ఎంత దూరమని మాత్రం నన్నడగకు.