ముద్ద నోటికి అందేదాకా

తమ్మీ ఓదెలూ, బండి కూత వినబడుతోంది. మంచిర్యాల అంగడికి పోయి పొద్దుగూకేసరికి వస్తాను.

పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. తువ్వాలు ముంచి పిండి, మోచేతికి కాపడం పెట్టుకో. కండ మెత్తబడ్డాక నీ అంతట నువ్వే మెల్లగా వంచు. నొప్పి లేస్తే ఆగు, మళ్లీ వంచు. గట్టయ్య మామ వచ్చి, "ఒక్క గుంజుడు గుంజుతే సాఫైతది" అంటాడు. చెయ్యి ముట్టనివ్వకు. బలవంతంగా గుంజితే ఉన్న వంపు కూడా పోతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

విరిగిన ఎముక ఎప్పుడో అతికింది. "అమాస దాటందే కట్టు ఇప్పద్దు" అని అవ్వ పట్టుబట్టింది. అన్నాళ్లూ వెదురు దబ్బల మధ్య కదలక కండ చిక్కిపోయింది, చెయ్యి చాచినట్టే బిగుసుకుపోయింది. అది వంగందే నిన్ను బొగ్గుబాయిలోకి దిగనివ్వరు. నాకు అదే పరేషాన్.

పెరుగన్నం కలిపి పెట్టాను. ఆ కుడిచేత్తోనే తిను. అవ్వ వచ్చి, "నా కొడుకు ఎండిపోతుండు" అని ఏడుస్తూ ముద్ద పెడుతుంది. నోరు తెరవకు. ఇన్నాళ్లూ నీకు తినిపించి నేను చల్లారిన అన్నమే తిన్నాను.

ఇంకో మాట. ముద్ద సగం దారిలో ఆగిపోతే, తక్కినంత దూరం తల వంచి అందుకో. నేను వచ్చేసరికి నీ మీసానికి పెరుగు కనబడాలి. తుడుచుకోకు.

అక్క