మూడుకీ నాలుగుకీ మధ్య

బావా,

ఎలా ఉన్నావు? అడగడం అలవాటైపోయింది, అందుకే అడుగుతున్నాను. ఇంకో పదిహేను రోజులు పోతే నీ సంవత్సరీకం. వాలు పొలాల్లో వలిసలు మళ్ళీ పూశాయి. నేను బాగానే ఉన్నాను. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా వండేస్తున్నాను. మిగిలింది తిని మన కుక్క లావెక్కింది.

స్కూల్లో పీఈటీ ఉద్యోగం మామూలే. సాయంత్రాలు నీ షెడ్డులో పిల్లలకు బాక్సింగ్ నేనే నేర్పుతున్నాను. నువ్వు ఊక నింపి వేలాడదీసిన బస్తా రెండుసార్లు చిరిగితే కుట్టాను. నా కుట్టు చూస్తే నవ్వుతావు... నవ్వుకో.

ఉత్తరం రాసేది ఇందుకు కాదు. ఒక సంగతి నీకు చెప్పకపోతే నాకు మనసు నిలవడం లేదు. పోయిన నెల పాడేరులో ఏజెన్సీ స్కూళ్ళ పోటీలు జరిగాయి. మన సుమతి ఫైనల్లో ఓడిపోయింది. ఆ బౌటుకు రిఫరీని నేనే.

కోపమొచ్చిందా? మొత్తం విను ముందు.

ఆడపిల్లల బౌట్లకు రావలసిన రిఫరీ ఘాట్ రోడ్డులో ఆగిపోయింది. కొండచరియ విరిగి దారికి అడ్డం పడిందట. సుమతి మా ఆయన శిష్యురాలు, నేను ఉండకూడదు అని చెప్పాను. పోనీ ఇంకెవరున్నారో మీరే చెప్పండి అన్నారు పోటీలు పెట్టినవాళ్ళు. ఆ పని తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. గెలిచిన పిల్లకు విశాఖపట్నం స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఆ సంగతి సుమతికీ తెలుసు, నాకూ తెలుసు. తెల్ల చొక్కా వేసుకుని రింగెక్కాను.

ఎదురుగా కాంతం అని జి.మాడుగుల పిల్ల. మొదటి రౌండు సగంలో సుమతి కుడిచెయ్యి తగిలింది. నువ్వు నేర్పిన దెబ్బే బావా, నడుములోంచి తిరిగి వచ్చేది. కాంతం వెల్లకిలా పడింది. లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... చూస్తే సుమతి తెల్ల మూలకు వెళ్ళలేదు. పడ్డ పిల్ల మీదకు వంగి, గ్లవుజు చెయ్యి చాపి లేపబోతోంది.

రూలు నీకు నేను చెప్పాలా? పడగొట్టినవాళ్ళు తెల్ల మూలకు పోయి నిలబడేదాకా లెక్క సాగకూడదు. ఆపేశాను. పొమ్మని చెయ్యి చూపిస్తే దానికి అర్థం కాలేదు. రెక్క పట్టుకుని నేనే తీసుకెళ్ళి మూలలో నిలబెట్టి, వెనక్కి వచ్చి నాలుగు నుంచి అందుకున్నాను. కాంతం తొమ్మిదికి లేచింది. అంత బలం ఆ పిల్ల ఎక్కడ దాచుకుందో గానీ, తర్వాత సుమతిని దగ్గరకు రానివ్వలేదు. పాయింట్ల మీద గెలిచింది.

సుమతి నాన్న ఫోనులో వీడియో తీశాడు. పడినప్పటి నుంచి లేచేదాకా పదిహేను సెకన్ల పైనేనట. పది లెక్కపెట్టాల్సిన చోట పదిహేనేంటని ఊరంతా తిప్పి తిప్పి చూశారు. మాస్టారి పెళ్ళామే మాస్టారి పిల్లను ముంచేసిందన్నారు. నేను రూలు చెప్పాను. ఓడిన ఇంట్లో రూలు ఎవరి తలకెక్కుతుంది?

నీ మీద కోపమొచ్చింది, దాచుకోవడమెందుకు. ఏడేళ్ళు నేర్పావు ఆ పిల్లకు. కొట్టడం నేర్పావు, తప్పించుకోవడం నేర్పావు. పడ్డ మనిషిని వదిలి మూలకు పోవడం మాత్రం నేర్పలేదు. నాలుగు వెదురు గుంజలు తప్ప మన షెడ్డులో మూలలెక్కడివి? అక్కడ ఎవరైనా జారిపడితే నువ్వనేదొకటే మాట. "నిలబడి సూత్తావేటే గుంటా, సెయ్యందించు."

కొండదారిలో ముందు నడిచే మనిషి మోపుతో పడిపోతే దాటి వెళ్ళకూడదు, లేపి నిలబెట్టాకే అడుగెయ్యాలి. మన పిల్లలకు నడక వచ్చినప్పటి నుంచీ ఇది తెలుసు. సుమతి చేసిందీ అదే. ఇన్నేళ్ళు రిఫరీగా చేశావు, ఇది నీకెందుకు తట్టలేదు? తట్టినా నేర్పడానికి మనసొప్పలేదా...

అసలు సంగతి ఇంకా చెప్పలేదు బావా.

పెళ్ళైన కొత్తలో కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టమనేవాడివి, గుర్తుందా? నువ్వు వాచీ చూసేవాడివి. నాకెప్పుడూ ఏడు సెకన్లకే పది అయిపోయేది. "ఏటే, బేగి బేగి లెక్కెట్టేత్తన్నావు? పడ్డ గుంటకేటి, బస్సెలిపోతాదా?" అని ఉడికించేవాడివి. నేను అలిగితే అప్పుడు నెమ్మదిగా చెప్పేవాడివి. "పడ్డ మనిషికి పదీ ఇవ్వాల. తొమ్మిదికే ఆపేత్తే దొంగతనం. పదకొండిత్తే జాలి. రెండూ మన పని కాదు."

నేనిచ్చింది జాలి కూడా కాదు.

సుమతిని మూలలో నిలబెట్టి తిరగ్గానే నాలుగు అనాలి. అనలేదు. జనమంతా నన్నే చూస్తున్నారు. మొగుడి శిష్యురాలి కోసం గబగబా లెక్కపెట్టేసిందని అంటారేమోనని భయమేసింది. ఒక ఊపిరి తీసుకుని, వదిలి, అప్పుడన్నాను. తొమ్మిదికి లేచిన పిల్లకు ఆ ఊపిరి ఎంత? అది లేకపోతే పది అయిపోయేదేమో... అయినా లేచేసేదేమో. ఎలా తెలుస్తుంది? వీడియోలో ఎవరూ పట్టుకోలేదు. నాకు మాత్రం రోజూ వినబడుతోంది. పక్షపాతం లేదనిపించుకోవడానికి నీ పిల్లకు అన్యాయం చేశాను.

పోటీలు పెట్టినవాళ్ళకు ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఫలితం మారదన్నారు. మారకూడదు కూడా, కాంతం చేసిన తప్పేముంది?

సుమతి షెడ్డుకు రావడం మానేసింది. మూడు వారాలు చూసి, మొన్న ఆదివారం హుకుంపేట దాటి వాళ్ళ ఊరికి నేనే వెళ్ళాను. కాఫీ పళ్ళు కోస్తోంది. నాన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇద్దరూ వింటుండగానే చెప్పేశాను, ఆ ఊపిరి సంగతి, దాని వెనకున్న భయం సంగతి.

సుమతి పళ్ళు కోస్తూనే చెప్పింది. తను వంగి చూసేసరికి కాంతం కళ్ళు తేలేసి ఉందట. చచ్చిపోయిందేమోనని వణికిపోయిందట. నా లెక్క దాని చెవిన పడనే లేదట. కాంతం లేస్తే హమ్మయ్య అనుకుందట. మరి ఏడుపు రాలేదా అని అడిగాను. ఇంటికొచ్చాక వచ్చిందట, రెండు రోజులు ఏడ్చిందట.

ఈసారి నేను ఏడ్చాను. వాళ్ళ నాన్న అంబలి గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. నన్ను క్షమించారో లేదో తెలియదు బావా. అడగలేదు.

సోమవారం సాయంత్రం సుమతి షెడ్డుకొచ్చింది. వచ్చే ఏడు ఇంకో అవకాశం ఉంది. దాని బౌటుకు నేను రింగెక్కను, ఇంకెవరూ దొరక్కపోతే పోటీ ఆగిపోనీ. నీకు మాటిస్తున్నాను.

ఒక గుంజకు సున్నం కొట్టాను. ఇంకో పిల్లను ఉత్తుత్తినే పడిపొమ్మని, సుమతిని ఆ తెల్ల గుంజ దగ్గరకు నడవమన్నాను. నడిచింది. వీపు మాత్రం తిప్పలేదు బావా. పడ్డ పిల్లనే చూస్తూ, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ చేయించాను. మళ్ళీ అంతే. అలా వెళ్ళకూడదని రూల్లో ఎక్కడైనా ఉందా?

ఉన్నా, నేను చెప్పను.

పిల్లలొచ్చే వేళైంది, ఉంటాను.

నీ పార్వతి