గంజి కలిపిన మాత్రలు

జహీరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నేను క్షేమం. నువ్వు, బావగారు, అమ్మ, పిల్లలు అంతా బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మకి మోకాళ్ల వాపు తగ్గిందా? చిన్నాడికి దగ్గు ఎలా ఉంది? ఈ మాటలన్నీ ముందు అడగాలి కాబట్టి అడిగేశాను. నిజం చెప్పాలంటే నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

"సర్దుకుపో, ఆడపిల్లవి, ఊరు కాని ఊరు" అని రాశావు. మూర్తిగారు నాకు ఉద్యోగమిచ్చిన యజమాని, బావగారితో కలిసి చదువుకున్న మనిషి, ఆయన మాట కాదనకు అని రాశావు. ట్రంక్ కాల్‌లో ఆయనేం చెప్పాడో అదే నమ్మారు మీరు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడ వానలు పట్టుకుని వదలడం లేదు. బొంబాయి రోడ్డు మీద లారీలు బురద చిమ్ముకుంటూ పోతుంటాయి. ఫ్యాక్టరీకి వెళ్లేసరికి చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసిపోతాయి. జొన్నరొట్టె అలవాటైంది. మొదట్లో నమల్లేక ఏడిచేదాన్ని, ఇప్పుడు రెండు తినేస్తున్నాను. ఇంటావిడ బస్వమ్మ చాలా మంచిది. వాళ్లది బీదర్ వైపు మూలం, కోపమొస్తే కన్నడంలో తిడుతుంది, ప్రేమొస్తే తెలుగులో తిడుతుంది. ఆవిడ కూతురు లక్ష్మి మా ఫ్యాక్టరీలోనే మాత్రలు ప్యాకింగ్ చేస్తుంది. ఆదివారాలు మాత్రం గడవవు అక్కా. నీతో వాదులాడుకోవడానికైనా నువ్వు లేవు.

అసలు సంగతికి వస్తాను. మేం చేసేది నొప్పులకీ జ్వరానికీ వేసుకునే ఆస్పిరిన్ మాత్ర. మామూలు మాత్రలకైతే మందుపొడిలో గంజి కలిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, అప్పుడు మిషన్లో నొక్కుతారు. ఆస్పిరిన్‌కి ఆ పని కూడదు. తడి తగిలిందా, అది విరిగిపోతుంది. సగం వెనిగర్లో ఉండే పులుపు అవుతుంది, సగం కడుపుని కాల్చే ఇంకో ఆమ్లం అవుతుంది. అందుకే దాన్ని పొడిగానే పెద్ద పెద్ద బిళ్లలుగా నొక్కి, నలగ్గొట్టి, ఆ రవ్వతో మాత్రలు చేస్తారు. ఆ బిళ్లలు నొక్కే మిషన్ పాడైంది. బాగుచేసేవాడు బొంబాయి నుంచి రావాలి. ఆర్డరు ఆగిపోతుందని మూర్తిగారు ఏం చేశాడో తెలుసా? "గంజి కలిపేయండి, మిగతా వాటికి కలపడం లేదా" అన్నాడు. ఈ వానల్లో, కరెంటు గంటకోసారి పోయే రోజుల్లో! ఆ తడి ముద్ద ఆరక ట్రేల నిండా అలాగే నాని కూర్చుంది.

ఆ మాత్రల్ని పరీక్షించి సంతకం పెట్టాల్సింది నేను. డబ్బా మూత తీయగానే గుప్పుమంది వెనిగర్ వాసన. ముక్కున్నవాడెవడికైనా తెలుస్తుంది. అయినా ముక్కుతో రిపోర్టు రాయలేం కదా, టైట్రేషన్ చేశాను. మాత్రల పొడిని కాస్టిక్ సోడా నీళ్లలో మరిగించి, ఎంత సోడా ఖర్చయిందో బ్యూరెట్ అనే గీతల గొట్టంతో కొలిచి, దాన్నిబట్టి మందెంతుందో లెక్క కడతాం. లెక్క శుభ్రంగా వచ్చింది. పాస్!

నాకు ఆశ్చర్యం వేయలేదు, భయం వేసింది. ఎందుకంటే ఆ పద్ధతి గుడ్డిది అక్కా. విరిగిన ఆస్పిరిన్ కూడా విరగనిదాని అంత సోడానే తింటుంది. మంచి కుండనీ పగిలిన కుండ పెంకుల్నీ తక్కెట్లో వేస్తే ఒకే బరువు తూగుతాయి. అంతమాత్రాన పెంకుల్లో నీళ్లు నిలుస్తాయా? అందుకే ఇంకో పరీక్ష పెట్టారు పెద్దలు. ఇనుము ఉప్పు ద్రావణం చుక్కలు వేస్తే మంచి ఆస్పిరిన్‌కి రంగు రాదు. విరిగిపోతే వంకాయ రంగు వస్తుంది. ఎంతవరకు రావచ్చో దానికి పోల్చి చూసుకునే గొట్టం పక్కనే ఉంటుంది. అందులో లేత ఊదా. మనదాంట్లో గొట్టం వెనక నా వేలు కనపడనంత ముదురు. మళ్లీ చేశాను. అంతే.

ఫెయిల్ అని రాసి తీసుకెళ్లాను. మూర్తిగారు చదివి నవ్వాడు. "చూడమ్మా, టైట్రేషన్ పాస్ అయింది కదా. మందు ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఈ రంగులాటలు కాలేజీలో ఆడుకో" అన్నాడు. "మందు లేదు సార్, మందు విరిగిన ముక్కలున్నాయి" అన్నాను. నా ఎదురుగానే కాయితం చింపి బుట్టలో పడేశాడు. టైట్రేషన్ ఒక్కటే రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టను అన్నాను.

ఆ తర్వాత సరుకు లారీలో వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందా అని ఫైలు తీస్తే సర్టిఫికెట్ కింద నా పేరు! నా సంతకం నాకన్నా అందంగా పెట్టారు. దొంగతనం నాకు తెలియకుండా చేసి, దొంగని నన్ను చేశారు. మూర్తిగారి గదిలోకెళ్లి అరిచాను, అవును, అందరూ వినేలా అరిచాను. "మీ చెల్లెలికి మర్యాద తెలియదు" అని ఆయన బావగారికి చెప్పింది దీని గురించే. మర్యాదట!

నువ్వు అడుగుతావు, ఆ మాత్రం మందుతో ఎవరికేం అయిందని. విను. అంచులు విరిగిన మాత్రలు పనివాళ్లు కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం ఇక్కడ మామూలు. లక్ష్మి కూడా తెచ్చింది, తల్లి కీళ్లనొప్పులకి. మొన్న వచ్చేసరికి బస్వమ్మ పొట్ట పట్టుకుని గడప మీద ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"గీ గోలీలు మంచిగ లేవు బిడ్డా. ఏసుకున్న కాడికెల్లి కడుపుల ఒకటే మంట. నీళ్లు తాగినా మంటనే."

మిగిలినవి లాక్కుని వాసన చూశాను. అదే వాసన. దవాఖానకి తీసుకెళ్లాను. పుండు పడినట్టుంది, ఇంకొన్నాళ్లు వేసుకుంటే రక్తం పడేది అన్నారు. మజ్జిగన్నం మీద ఉంది పాపం, ఇప్పుడు కాస్త నయం. ఈవిడ నా కళ్లెదురుగా ఉంది కాబట్టి ఆపగలిగాను. ఆ లారీ ఏ ఊళ్లకి పోయిందో, ఎవరి అమ్మ వేసుకుంటోందో? వాళ్ల చేతుల్లోని మందుకి నా పేరు పూచీ.

అందుకని రేపు పొద్దున మొదటి బస్సుకి సంగారెడ్డి వెళ్తున్నాను, మందుల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి. బస్వమ్మ దగ్గర మిగిలిన మాత్రలు గాజు సీసాలో వేసి మూత బిగించి పెట్టాను. మూర్తిగారి లైసెన్సు పోవచ్చు. నా ఉద్యోగం పోవడం ఖాయం. లక్ష్మిది కూడా పోతుందేమోనని భయపడి బస్వమ్మకి ముందే చెప్పాను.

ఆవిడ తడుతున్న రొట్టెని పెనం మీద వేసింది. తర్వాత అంది, "పోతె పోనీ. అల్లం చేన్ల కూలికి పోతది నా బిడ్డ. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను సుత వస్త. కడుపుల మంట ఎట్లుంటదో నువ్వేం జెప్తవ్? నేనే జెప్త."

నాకేమీ కాని మనిషి ఈ మాటంది. నా అక్క సర్దుకుపొమ్మంది. నాకు కోపం మూర్తిగారి మీద కన్నా నీ మీదే ఎక్కువగా ఉంది, దాచను.

ఈ ఉత్తరం బావగారికి చదివి వినిపించు. నీ అలవాటు ప్రకారం మెత్తగా మార్చి చెప్పకు, ఉన్నదున్నట్టు చదువు. ఆయన స్నేహితుడి మీద ఫిర్యాదు చేసింది నేనేనని ఆయనకి పైవాళ్ల ద్వారా కాకుండా నా ద్వారానే తెలియాలి. ఆయన నన్ను గడప తొక్కనివ్వనంటే తొక్కను. వద్దని చెప్పడానికి మీకు వీలు పడదు, ఇది చేరేలోగా నేను వెళ్లి వచ్చేస్తాను.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు. ఇక్కడ పప్పుకి కొదవ లేదు గానీ అమ్మ చేతి పొడి కావాలి. అమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అమ్మ మోకాళ్లకని ఏ మాత్ర కొన్నా ముందు మూత తీసి వాసన చూడు. పుల్లగా ఉంటే పారెయ్యి. ఒకవేళ ఆ డబ్బాతో వచ్చిన సర్టిఫికెట్ మీద నా పేరుంటే, చెల్లెలే కదా రాసింది అని నమ్మి మాత్రం వెయ్యకు.

నీ చెల్లెలు,
సరస్వతి