ఓడితే ఇంటికే

మల్లన్నా,

నువ్వు పోయి మూడు నెలలాయె. మన కువైట్ అహ్మది మెస్సు టీవీల మళ్ల అమెరికా ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లు నడుస్తున్నయి. పోయినేడు గిన్నెలు తోముకుంట నువ్వే నేర్పినవు: రెండు దిక్కుల ఏడేడు టీములు, ఒక్కో దిక్కు మొదటి నంబరోళ్లకు ఒక వారం రెస్టు, ఆడినంక ఎవరైనా ఒక్కసారి ఓడితే ఖలాస్, ఇంటికే.

ఇయ్యాల పొద్దుగాల ఒక మొదటి నంబరోళ్లే ఓడిన్రు. సీజనంత గెలిచినోళ్లు, అన్నా!

ఎల్లుండి నాకు ఇఖామా కొరకు మెడికల్, ఛాతి ఎక్స్‌రే. నెల సంది దగ్గుతున్న. డాక్టరుకు చూపిస్తే ఇఖామా, ఈడ ఉండే పర్మిటు, పోయి ఇంటికి పంపుతరని నువ్వు దగ్గు దాసినవు, అదే నిన్ను మింగింది. అప్పుడు నిన్ను ఎంత తిట్టిన్నో! ఇప్పుడు నీ మంచం కింద దొరికిన దగ్గుమందు, ఎవ్వరు చూడకుంట నేను తాగుతున్న.