పసుపు పుట్టగొడుగులు, పుల్లటి మీగడ

సుప్రాష్ల్, జూలై

ప్రియమైన తమ్ముడు జెనెక్‌కి,

వానలు పడ్డాయి. అడవిలో పసుపు పుట్టగొడుగులు లేచాయి. ఒక బుట్ట బస్సు డ్రైవరు స్టాషెక్ చేతికిచ్చి పంపుతున్నాను. ఈస్టర్‌కు నీ తెరేసా చనిపోయింది. అప్పటినుంచి నువ్వూ ఆమె కూతురు ఓల్కా ఏం తింటున్నారో నువ్వు రాయవు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. జపమాలలో మీ ఇద్దరి పేర్లూ కలిపే చెబుతున్నాను.

నీ అక్క,
బ్రోనియా

*

బియావిస్తోక్

ప్రియమైన అక్కకి,

బుట్ట అందింది. ఆ వాసనకి బస్సంతా ఆకలితో దిగిందని స్టాషెక్ నిన్ను తిట్టుకున్నాడు.

నేను పుట్టగొడుగుల్ని వేపి మాడ్చాను. ఓల్కా రెండు ముద్దలు తిని లేచిపోయింది. నాతో పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. మారుతండ్రిని, తప్పు పట్టను. ఆగస్టులో మరియ తల్లి పండుగకి లూబ్లిన్ నుంచి అమ్మమ్మ వస్తోంది. పిల్ల ఎక్కడ ఉంటానంటే అక్కడే అనుకున్నాం. తను వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది అక్కా.

తెరేసా వీటిని మీగడలో వండి బంగాళాదుంపల పక్కన వడ్డించేది. ఓల్కా స్టూలెక్కి మీగడ గిన్నె పట్టుకునేది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయేది. ఎలా చేయాలో రాయవూ?

నీ తమ్ముడు,
జెనెక్

*

ప్రియమైన తమ్ముడికి,

ఇంకో బుట్టలో ఈ ఉత్తరం పెట్టాను. పుట్టగొడుగులు నానబెట్టకు, బ్రష్షుతో మట్టి దులుపు. వెన్నలో ఉల్లిపాయ మగ్గాక వెయ్యి. ఊరిన రసం కొంచెం మిగిలేదాకా ఇగరనివ్వు. ఉప్పు, మిరియాలు. తర్వాత పుల్లటి మీగడ, చివర సోయికూర. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఓల్కా ఎదురుగా ఉన్నప్పుడే చెయ్యి.

నీ అక్క,
బ్రోనియా

*

ప్రియమైన అక్కకి,

నువ్వు రాసినట్టే చేశాను. ఓల్కా కిటికీ దగ్గర అటు తిరిగి చదువుకుంటోంది. ఫ్రిజ్‌లోంచి మీగడ తీసి సగం పోశాను. గడ్డలు గడ్డలుగా విరిగిపోయింది. మిగతాది పోయబోతుంటే వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చల్లటిది అలాగే పోసేస్తారా ఎవరైనా? అమ్మ చూస్తే చెంచాతో కొట్టేది."

వేడి రసం ఒక్కో చెంచా తీసి మీగడలో కలిపింది, గిన్నె గోరువెచ్చన అయ్యేదాకా. గిన్నె నేను పట్టుకున్నాను. కదుపుతున్నానని కోప్పడింది. గడ్డలు పూర్తిగా పోలేదు కానీ ఇద్దరం బాండీ ఊడ్చుకుని తిన్నాం. తింటూ వాళ్లమ్మ గురించి చెప్పింది, ఈస్టర్ తర్వాత మొదటిసారి.

నిన్న పండుగ. అమ్మమ్మకి తనే వండి పెట్టింది. భోజనాలయ్యాక, ఎక్కడ ఉంటావని ఆవిడ ఓల్కాని అడిగింది. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఈయన్ని ఒక్కర్నీ వదిలేస్తే మీగడంతా విరగ్గొట్టేస్తారు అమ్మమ్మా. నేను నీ దగ్గరికి సెలవులకి వస్తాలే," అంది ఓల్కా.

అమ్మమ్మ కళ్లు తుడుచుకుని ఇంకాస్త వడ్డించమంది.

ఒక్క సంగతి. అన్నీ రాసి, మీగడని ముందు గోరువెచ్చన చేయాలన్న అంత ముఖ్యమైన మాట ఎలా మర్చిపోయావు అక్కా?

నీ తమ్ముడు,
జెనెక్

*

ప్రియమైన తమ్ముడికి,

మర్చిపోలేదు.

గిన్నె పట్టుకుని నిలబడిన పిల్లకి ఆ సంగతి తెలిసే ఉంటుందనుకున్నాను. అన్నీ నువ్వే సరిగ్గా చేసేస్తే ఆ వంటింట్లో తనకి పనేం ఉంటుంది? సగం గిన్నె మీగడ పాడుచేయించాను, దేవుడు మన్నిస్తాడు.

పుట్టగొడుగులు లేచే నా చోటు ఇంతవరకు ఎవరికీ చూపించలేదు, నీకు కూడా. సెప్టెంబరులో బడి తెరిచేలోగా ఓల్కాని తీసుకురా. తనకి చూపిస్తాను. నువ్వు రోడ్డు మీద నిలబడు.

నీ అక్క, ఓల్కాకి అత్త,
బ్రోనియా