గోడలో గుండ్రటి వాకిలి

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ తమ్ముడు మన కడియం నర్సరీలోకి జేసీబీ తెచ్చాడు. చైనా తోటల్లోలాగా కొలను ఒక్కచూపులో కనపడిపోకూడదని మీరు అడ్డంగా కట్టిన గోడ ఉందే, దాన్ని కూల్చడానికి.

“లారీ తిరగట్లేదు వదినా, తప్పుకోండి.”

నేను గోడలోని గుండ్రటి వాకిట్లోంచి కదల్లేదు. జేసీబీ డ్రైవరు బకెట్ పైకెత్తి ఇంజిన్‌తో రొద పెట్టిస్తూనే ఉన్నాడు.

“ఒక్కసారి లోపలికెళ్ళి చూసిరా. తర్వాత నీ ఇష్టం” అన్నాను.

మీరెప్పుడు పిలిచినా లోడింగ్ ఉందనేవాడు కదా. విసుక్కుంటూ నా పక్కనించి దూరి వంకర వంతెన ఎక్కాడు. ముందు తామరలు, మలుపు తిరిగాక బండరాతి వెనక పొగడచెట్టు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

“అన్నయ్య ఎక్కడ కూర్చునేవాడు వదినా?”

“ఇక్కణ్ణించి కనపడదు. ముందు ఆ ఇంజిన్ ఆపించు, చూపిస్తాను.”

ఆపించాడు. అప్పుడుగానీ నేను వాకిట్లోంచి కదల్లేదండీ.