రాగి పలక మరిగేదాకా చాయ్ బంద్

జనవరి 5, సోమవారం

ఉదయం 8.10. ఈ క్షణం నుంచి చాయ్ బంద్! ముప్పై రీడింగులు సరిగ్గా వచ్చేదాకా చుక్క ముట్టను.

కారణం: పోయిన నెల నేను గేటు దగ్గర ఐలవ్వ కొట్టులో చాయ్ తాగుతుంటే, ఇక్కడ ల్యాబులో పలక మాడిపోయింది. ఇంకా రెండే ఉన్నాయి.

పని చిన్నదే. అరచేతిలో పట్టే రాగి పలక. దానిమీద మిల్లీమీటరు వెడల్పు గాడులు ఐదు. పైన గాజు మూత, కింద హీటరు. నీళ్ళు ఇటు నుంచి దూరి, గాడుల్లో మరిగి, ఆవిరితో కలిసి అటు రావాలి. ఎంత వేడి మోసుకొచ్చాయో కొలవాలి. 23న కమిటీకి చూపించాలి. లేకపోతే నా పీహెచ్‌డీ రద్దు. ఏడో ఏడు నడుస్తోంది, ఇంక గడువు ఇవ్వరట.

ఎందుకు కాదు? అవుతుంది!

జనవరి 6

చాయ్: సున్నా. రీడింగులు: సున్నా. తలనొప్పి: ఉంది. ఉత్సాహం: బోలెడు!

జనవరి 8

11.30. తల బద్దలవుతోంది. లైటు ఆపబోయి పంపు ఆపాను. నీళ్ళు లేక పలక నల్లగా మాడింది. ఇక మిగిలింది ఒక్కటే.

మా టెక్నీషియన్ లక్ష్మణ్‌ది మందమర్రి. మొహమాటం తెలియదు. "మేడం, చాయ్ తాగితె ఒకటి మాడె, తాగకపోతె ఒకటి మాడె. జర తాగే చెయ్యుండ్రి."

తాగను. ఒట్టంటే ఒట్టే.

జనవరి 12

అల్లం కషాయం తాగాను. పాలు పోశాను. చక్కెర వేశాను. అయినా చాయ్ కాదు, చాయ్‌పత్త లేదు కదా!

రీడింగులు: నాలుగు. ఐదోసారి నడిమి గాడిలో ఆవిరి అడ్డం పడి వెనక్కి తన్నింది. నీళ్ళు పక్క గాడుల్లోకి పారిపోయాయి. నడిమిది ఎండింది. హీటరు టక్కున ఆపాను. పలక బతికింది. ఐదు గాడులూ సమంగా మరగలేదు కనుక ఆ నాలుగూ లెక్కలోకి రావు.

జనవరి 16

ఐలవ్వ గేటు దగ్గర ఆపింది. "ఏంది బిడ్డా, గిటు మొఖాన వస్తలేవు? నా మీద కోపమొచ్చిందా?"

పెద్దమనిషి మనసు నొప్పించకూడదు. అర గ్లాసు తాగాను. అర గ్లాసు ఒట్టు కిందికి రాదు.

4.30. ఇంకో అర. పొద్దుటిదీ సాయంత్రానిదీ కలపకూడదు.

పదిసార్లు మొదలుపెట్టాను, పదిసార్లూ నడిమి గాడే ఎండింది.

జనవరి 19

చాయ్: నాలుగు. రీడింగులు: సున్నా. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంత చదివి ఐదు గాడులకు నీళ్ళు పంచలేకపోతున్నాను! బాపుకు ఫోన్ చేసి, "ఇగ నాతోని కాదు బాపూ" అన్నాను.

జనవరి 20

పొద్దున్నే భైంసా బస్సు దిగి బాపు సరాసరి ల్యాబుకే వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు. "నువ్వు తాగితెనె నేను తాగుత."

రెండు కప్పులు. ఒట్టు గంగలో కలిసింది.

తాగుతూ బాపు గాజు మూత మీదికి వంగాడు. నడిమి గాడి ఎండటం చూసి నవ్వాడు.

"మన పత్తి చేన్ల డ్రిప్పు పెట్టినప్పుడు గిట్లనే అయింది ప్రణతీ. కొన్ని సాళ్ళు తాగుడు, ఒక సాలు ఎండుడు. పైపుల మూతులు పెద్దగుంటె నీళ్ళు అలకటి తొవ్వ, అడ్డం లేని తొవ్వ చూసుకుంటయ్. అన్నిటికి ఒక్క తీరు సన్న బెజ్జం పెట్టిన. అయిపాయె!"

లక్ష్మణ్ సన్నని రేకుకు ఐదు బెజ్జాలు పొడిచి గాడుల మూతులకు బిగించాడు. ఇప్పుడు ఆవిరి వెనక్కి తన్నలేదు.

సాయంత్రం 5.40. ఐదూ ఒక్క తీరుగా మరుగుతున్నాయి! బాపు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

జనవరి 22

ముప్పై!!! చాయ్ లెక్క అడగొద్దు.

జనవరి 23, శుక్రవారం

కమిటీ పెద్దాయన, "ఈ బెజ్జాల ఉపాయం ఎక్కడ చదివావమ్మా?" అన్నారు. చదివానని చెప్పబోయాను.

"మా బాపు పత్తి చేన్లో, సార్."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, "అది కూడా థీసిస్‌లో రాయి" అని సంతకం పెట్టారు. పీహెచ్‌డీ రద్దు కాదు! ఆరు నెలల్లో థీసిస్ రాసివ్వాలి.

బాపుకు ఫోన్ చేసి, థీసిస్‌లో నీ పేరు రాస్తానని చెప్పాను. "నా పేరెందుకు బిడ్డా... చాయ్ తాగినవా?" అన్నాడు.

"థీసిస్ అయ్యేదాక బంద్ బాపూ. గీసారి పక్కా!"

"ఎప్పటి సంది?"

"రేపటి సంది. ఇయ్యాల ఐలవ్వ పోసేసింది."